గొణుగుడు పెట్టె

మా అన్నయ్య నన్ను దొంగ అన్న రోజున కూడా నా చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది. పొడిచెయ్యలేదు. బల్ల మీద పెట్టేసి, చెప్పులేసుకుని, మెట్లు దిగి వచ్చేశాను. పొడిచి ఉంటే కనీసం ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఒక విషయమైనా మిగిలేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

దొంగ అనే మాట వాడలేదులెండి. మా అన్నయ్య అంత తిన్నగా మాట్లాడే మనిషి కాదు. "నల్లముద్ద లోపల ఏముందో ఇద్దరికే తెలుసు. నేనెవరికీ చెప్పలేదు" అన్నాడు. అంతే. మిగిలింది ఎవరో నన్నే తేల్చుకోమన్నాడు.

మేం చేసేది సింథసైజర్లు. ఎరగని వాళ్ల కోసం చెబుతున్నాను. మీటలుంటాయి, తిప్పే గుండీలుంటాయి, తీగా గాలీ అక్కర్లేకుండా కరెంటుతోనే స్వరం పుట్టించే వాయిద్యం అది. పెద్ద కంపెనీలు వేలకి వేలు చేసి సంతలోకి వదులుతాయి. మేం నెలకి చేసేవి చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చెప్పుల దుకాణం పైన రెండు గదులు మాకు. ముందు గదిలో అన్నయ్య, నేను, పొడుగాటి బల్ల, టంకం పొగ. వెనక గదిలో వదిన, అట్టపెట్టెలు, మోగుతూ ఉండే ఫోను. ఎండలు ముదిరితే కింద నుంచి కొత్త తోలు వాసన పైకొచ్చి టంకం వాసనతో కలిసి తలనొప్పి తెప్పించేది.

మా వాయిద్యానికి అన్నయ్య ఒక అందమైన పేరు పెట్టాడు. అది ఎవరికీ గుర్తులేదు. మొట్టమొదట కొన్నది సినిమాలకి సంగీతం కట్టే ఒక గడ్డమాయన. ఆయన మీట నొక్కి, కళ్లు మూసుకుని విని, "ఇదేంటండీ, పక్కగదిలో ఎవరో గొణుక్కుంటున్నట్టుంది" అన్నాడు. అన్నయ్య మొహం మాడిపోయింది. ఆయన మాత్రం దాన్ని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని పోయాడు. ఆ తర్వాత వచ్చిన వాళ్లందరూ గొణుగుడు పెట్టె కావాలనే అడిగారు.

ఆ గొణుగుడు ఎక్కడ నుంచి వస్తుందని పత్రికల వాళ్లు అడిగితే అన్నయ్య మీసం మెలేసి నల్లముద్దని చూపించేవాడు. ముక్కలన్నీ టంకంతో అంటించే లోపలి పలక మీద అగ్గిపెట్టెంత భాగం అది. పుట్టిన స్వరాన్ని వడగట్టేది అక్కడే. దాని మీద నల్లటి జిగురు పోసి గడ్డకట్టిస్తాం. ఆరిందంటే రాయే. గీకితే కింది ముక్కలు కూడా ఊడొస్తాయి. "దీని లోపల ఏముందో తెలిస్తే కదా కాపీ కొట్టేది" అని దాన్ని పట్టుకుని ఫొటోలు దిగేవాడు. జిగురు కలిపి పోసేది నేను కాబట్టి లోపల ఏముందో నాకూ తెలుసు. నిజానికి అందులో బ్రహ్మరహస్యమేమీ లేదు. పైగా ఒక తప్పు కూడా ఉంది.

మొదటి పలక గీసినప్పుడు అన్నయ్య కరెంటుని కాసేపు పట్టి ఉంచే కెపాసిటర్ అనే చిన్న ముక్క రెండు కాళ్లూ ఒకే రాగి గీత మీద పడేలా గీశాడు. రెండు కాళ్లూ ఒకే చోట ఉంటే దానికింక పనేముంటుంది? కరెంటు దాని మొహం కూడా చూడదు. పెళ్లికొచ్చిన దూరపు చుట్టంలా ఊరికే ఒక మూల కూర్చుని ఉంటుంది. అది నా కంట పడి, "అన్నయ్యా, ఈయనగారు ఇక్కడేం చేస్తున్నారు?" అని అడిగాను. అన్నయ్య పలకని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. చివరికి, "దిష్టిచుక్క" అన్నాడు. ఆ రోజు ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. తర్వాత కొత్త పలకలు చేయించినప్పుడల్లా దాన్ని తీసేయొచ్చు. తీయలేదు. ఏ పనీ లేని ఆ ముక్కకి ప్రతి పెట్టెలోనూ నేనే టంకం పెట్టేదాన్ని, నేనే జిగురు పోసి కప్పెట్టేదాన్ని.

అసలు పని ముద్ద పోయడానికి ముందు జరిగేది. పెట్టెలో రెండు స్వరాలు ఒకేసారి పుడతాయి. రెండూ అచ్చంగా కలిసిపోతే చప్పగా ఉంటుంది. ఎడం ఎక్కువైతే చెవికి పోట్లాట. ఆ ఎడం ఎంతుండాలి, వడపోత ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ గొంతు బొంగురుపోవాలి అనేవన్నీ పలక మీదున్న బుల్లి బుల్లి స్క్రూలు తిప్పి కుదర్చాలి. కొనుక్కొచ్చిన ముక్కలు ఏ రెండూ ఒకేలా ఉండవు. కాబట్టి ఒక పెట్టెలో కుదిరిన చోటు ఇంకో పెట్టెలో కుదరదు. ప్రతిదానికీ మళ్లీ మొదటికి రావలసిందే. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరం ఆ పనికి కూర్చునేవాళ్లం. అన్నయ్య మీట నొక్కేవాడు, నేను స్క్రూ తిప్పేదాన్ని. అన్నయ్యకి మెరుపు కావాలి. నాకు బరువు కావాలి.

"పెంచు."

"పెంచితే అరుస్తుంది."

"అరవదు, పలుకుతుంది. ముందు నీ చెవిలో గుబిలి తీయించుకో కాకీ."

"నీ చెవిలో తేనెటీగలు గూడు పెట్టాయి. ముందు అవి తీయించుకో."

కాకి నేనే. చిన్నప్పుడు నా గొంతు విని పెట్టిన పేరు. బళ్లో ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే అన్నయ్య వాళ్లని తన్నేవాడు. తను మాత్రం పిలిచేవాడు.

నేను ఒక వెంట్రుకవాసి దించేదాన్ని, తను నా చేతిలోంచి స్క్రూడ్రైవర్ లాక్కుని ఎక్కించేవాడు. తను లేచి మంచినీళ్లకి వెళ్తే నేను మళ్లీ దించేదాన్ని. వచ్చి మీట నొక్కగానే పట్టేసేవాడు. "మీరిద్దరూ కాస్త మెల్లిగా కొట్టుకోండి, ఫోన్లో అవతలివాళ్లు పోలీసుల్ని పిలిచేలా ఉన్నారు" అని వెనక గదిలోంచి వదిన అరిచేది. సాయంత్రానికి ఇద్దరికీ ఓపిక అయిపోయి, ఇద్దరికీ పూర్తిగా నచ్చని చోట ఒకటి ఆగేది. "తగలెయ్. ముద్ద పోసెయ్" అనేవాడు అన్నయ్య. పోసేసేదాన్ని. మర్నాడు వింటే బాగుండేది. ఎందుకు బాగుందని ఎప్పుడూ అడుక్కోలేదు. ముద్ద వల్లే అనుకున్నాడు అన్నయ్య. అనుకోనీలే అనుకున్నాను నేను.

పెద్ద కంపెనీ వాళ్లు వచ్చింది అలా పేరొచ్చాకే. ఇస్త్రీ చొక్కాలవాళ్లు ఇద్దరు మెట్లెక్కి వచ్చి, నల్లముద్ద హక్కులు తమకిమ్మన్నారు, పెట్టె పెద్ద ఎత్తున చేస్తామన్నారు. అన్నయ్య వాళ్లని కూర్చోమని కూడా అనలేదు. మరీ అంత మొరటుగా ఉంటే బాగోదని నేను కిందిదాకా వెళ్లి సాగనంపాను. చెప్పుల దుకాణం ముందు నిలబడి ఏవో నాలుగు మాటలు మాట్లాడాను. మీ పెట్టె అంటే మాకు చాలా ఇష్టమన్నారు, సంతోషమండీ అన్నాను. పైకి వచ్చి, "ఒకసారి వాళ్లు చెప్పేది వింటే నీ సొమ్మేం పోయింది?" అని అన్నయ్యని అడిగాను. నేను చేసిన నేరం మొత్తం అదే. అన్నయ్య అప్పుడు జవాబు చెప్పలేదు. చెప్పకుండా దాచుకున్నాడని నాకు తెలీదు.

కొన్ని నెలలకి వాళ్ల పెట్టె బజార్లోకి వచ్చింది. సగం ధర. అవే గుండీలు, అదే చెక్క రంగు. "నల్లముద్ద తాళం తీశాం" అని పెద్ద అక్షరాలతో ప్రకటన. వదిన ఫోన్లో చూసి, తెచ్చి బల్ల మీద పెట్టింది. అన్నయ్య అది చదివాడు. నన్ను చూడలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ ఆ మాట అన్నాడు, ఇద్దరికే తెలుసని, తను చెప్పలేదని.

నేను గట్టిగా అరిచి ఉండాల్సింది. అమ్మతోడు, నాన్నతోడు అని ఒట్లు పెట్టి ఏడ్చి ఉండాల్సింది. నేనూ తిన్నగా మాట్లాడే మనిషిని కాదు, ఆ ఇంట్లో పుట్టినదాన్నే కదా. కోపమొస్తే నాకు నోరు మూసుకుపోతుంది. వదిన మెట్ల దాకా పరిగెత్తుకొచ్చి, "ఆయన కోపం నీకు తెలీనిదా, రెండు రోజులు పోతే తనే వస్తాడు" అంది. రాలేదు.

తర్వాత చెవి మిషన్ల దుకాణంలో పనికి కుదిరాను. వినపడని పెద్దవాళ్ల చెవిలో మిషన్ పెట్టి, వాళ్లకి తగ్గట్టు కుదర్చడం నా పని. "ఇప్పుడు వినపడుతోందా తాతగారూ?" అంటే, "టీవీ బాగా వినపడుతోందమ్మా. మా ఆవిడ గొంతు మాత్రం కాస్త తగ్గించు" అన్నాడు ఒకాయన. నవ్వాను. ఇంటికెళ్లి మా ఆయనకి చెప్పి మళ్లీ నవ్వాను. "మీ అన్నయ్యకి చెబితే ఇంకా నవ్వేవాడు" అన్నాడు మా ఆయన తెలివితక్కువగా. ఆ రాత్రి అన్నం సహించలేదు.

నాకు కావలసింది ఒక్కటే. నువ్వు చెప్పలేదని నాకు తెలుసు అని అన్నయ్య నోటితో అనాలి. పని అక్కర్లేదు, పేరు అక్కర్లేదు. రోడ్డు మీద పోతుంటే ఎదురుపడి ఆ ఒక్క మాట అని వెళ్లిపోయినా చాలనుకునేదాన్ని. వదిన అప్పుడప్పుడు ఫోన్ చేసేది. పిల్లల చదువులూ పక్కింటివాళ్ల గొడవలూ అయ్యాక చివర్లో గొంతు తగ్గించి, "పెట్టెలు తిరిగొస్తున్నాయే" అనేది. ఎందుకని అడిగితే, "ఏమో, బాగాలేదంటున్నారు. ఆయన అవే ముక్కలు పెడుతున్నాడు, అదే జిగురు పోస్తున్నాడు" అనేది. నాకు లోపల సంతోషంగా ఉండేది. సిగ్గుపడాల్సిన సంతోషమే. సిగ్గుపడలేదు.

గడ్డమాయన మా దుకాణానికి వచ్చిన రోజు పెద్దగా పనిలేదు. చెవి చూపించుకోవడానికి వచ్చాడనుకుని కుర్చీ చూపించాను. ఆయన కూర్చోకుండా రెండు చేతుల్లోని రెండు సంచులూ బల్ల మీద పెట్టాడు. ఒకదాంట్లో మా పెట్టె, ఒకదాంట్లో కంపెనీ పెట్టె.

"ఇది మీ అన్నయ్యగారు ఈ మధ్య నాకు చేసిచ్చింది. ఇది వాళ్లది. మీరు కాస్త అటు తిరగండి, నేను వాయిస్తాను. ఏది ఏదో చెప్పండి" అన్నాడు.

తిరిగాను. ఆయన వాయించాడు. ఒకటి విన్నాను, రెండోది విన్నాను. మళ్లీ వాయించమన్నాను. మా అన్నయ్య చేతి పెట్టెని నేను నిద్దట్లో కూడా గుర్తుపడతానని నాకు పొగరు. ఆ పొగరు అక్కడే జారిపోయింది. రెండూ శుభ్రంగా ఉన్నాయి. రెండూ నిగనిగలాడుతున్నాయి. పక్కగదిలో ఎవరూ లేరు.

"కష్టంగా ఉంది కదా" అన్నాడు గడ్డమాయన. ఆయన గొంతులో వెక్కిరింత లేదు. "మీ అన్నయ్యగారు నాకే కాపీ అమ్మారేమో అనుకున్నాను. ఆ మాటే అడిగితే ఫోన్ పెట్టేశారు. అందుకే మీ దగ్గరికొచ్చాను."

కంపెనీ పెట్టె విప్పనా అని అడిగాను. విప్పమన్నాడు. చెవి మిషన్లు విప్పే చిన్న స్క్రూడ్రైవర్లతోనే మూత తీశాను. లోపల నల్లముద్ద లేదు, వాళ్లకి దాచాల్సిన అవసరమేముంది? అంతా బట్టబయలుగా ఉంది. వడపోత భాగం దగ్గర భూతద్దం పెట్టి చూస్తూ పోయాను. మావే విలువలు, మా వరసే. ఒక మూలకి వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది.

దిష్టిచుక్క ఉంది. అదే సైజు, అదే చోట. రెండు కాళ్లూ ఒకే రాగి గీత మీద పెట్టుకుని, చుట్టపుచూపుగా కూర్చుని ఉంది.

నాకు ముందు నవ్వొచ్చింది. గడ్డమాయన కంగారుపడి మంచినీళ్లు తెచ్చాడు, అప్పటికే అది ఏడుపులోకి దిగింది. ఆయనకి విషయం చెప్పాను. వాళ్లు మా పెట్టె ఒకటి కొని, ఏ మందులోనో నానబెట్టి ముద్ద కరిగించారు. కింద ఏముంటే అది ఎత్తి రాసుకున్నారు. దిష్టిచుక్క దగ్గరికొచ్చేసరికి వాళ్ల ఇంజనీర్లు తల గోక్కుని ఉంటారు. తీసేస్తే ఏం పోతుందోనన్న భయంతో ఉంచేసి ఉంటారు. నేను గనక వాళ్లకి రహస్యం అమ్మి ఉంటే మొట్టమొదట చెప్పే మాట, ఆ ముక్క తీసి పారెయ్యండి అనే కదా? ఎవరూ చెప్పలేదు కాబట్టే అది అక్కడుంది. అలాగే ఒక పెట్టెలో స్క్రూలు ఎక్కడున్నాయో కొలిచి, తాము చేసినవాటన్నిటికీ అదే కొలత పెట్టేశారు. అందుకే ఒక్కటీ గొణగడం లేదు.

"మరి మీ అన్నయ్యగారిది ఎందుకు గొణగడం లేదు?" అని అడిగాడు గడ్డమాయన.

ఆ పలక ఒక్కరోజు నా దగ్గర ఉంచుకోనా అని అడిగాను.

ఆ సాయంత్రమే కంపెనీ పలక సంచిలో వేసుకుని మా మెట్లెక్కాను. చెప్పుల దుకాణం వాడు, "ఏమ్మా, నల్లపూసైపోయారు" అన్నాడు. పైన బల్ల అదే, పొగ అదే. నా కుర్చీలో తిరిగొచ్చిన పెట్టెలు పేర్చి ఉన్నాయి. అన్నయ్య బాగా చిక్కాడు. నన్ను చూసి లేవబోయి, ఏం చెయ్యాలో తెలీక మళ్లీ కూర్చున్నాడు. నేను పలక ముందు పెట్టి, భూతద్దం చేతికిచ్చి, ఆ మూల చూపించాను.

అన్నయ్య చాలాసేపు చూశాడు. భూతద్దం దించాడు, మళ్లీ ఎత్తాడు. వదిన వెనక గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమెకేమీ అర్థం కాలేదు, మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

"దిష్టిచుక్క" అన్నాడు అన్నయ్య.

"అవును."

"నువ్వు చెప్పలేదు."

"లేదు."

అప్పుడు మా అన్నయ్య ఏడ్చాడు. ముక్కు మీద కోపం తప్ప ఇంకోటి ఎప్పుడూ కనపడని మనిషి, టంకం మరకల చేతులతో మొహం కప్పుకుని, భుజాలు ఎగరేస్తూ ఏడ్చాడు. "నువ్వు చెప్పలేదమ్మా. నాకు తెలుసు. నువ్వు చెప్పవు. పాపిష్టి మాట అన్నాను. నీ కాళ్లు పట్టుకోవాలి" అన్నాడు. నిజంగానే వంగబోతే వదిన పట్టుకుని ఆపింది. నేను ఇన్నాళ్లూ ఏ మాట కోసం కాచుక్కూర్చున్నానో ఆ మాట, దానికి మించి వంద మాటలూ వచ్చాయి. అవి వింటుంటే బరువు దిగుతుందనుకున్నాను. నాకు మాత్రం, ఇంక చాలు అన్నయ్యా, ఆపు అనిపించింది. పెద్దవాడు అలా అయిపోతే చూడలేకపోయాను.

"రేపు వస్తావా అమ్మా? నీకు వీలైతేనే" అన్నాడు కళ్లు తుడుచుకుని. "నేనొక్కణ్నీ చేస్తుంటే రావట్లేదు. ఇక్కడ నువ్వైతే దించేదానివి కదా అనుకుని, నేనే దించి చూశాను. అయినా రాలేదు."

నువ్వైతే దించేదానివి కదా అనుకుని అన్న మాట నాకు చాలు. వస్తానన్నాను.

మర్నాడు చెవుల దుకాణంలో సెలవు పెట్టి, భోజనం వేళకి వెళ్లాను. నా కుర్చీ ఖాళీ చేసి, తుడిచి, దాని మీద కొత్త మెత్త వేసి ఉంది. నా స్క్రూడ్రైవర్ పిడికి కొత్త టేపు చుట్టించి పెట్టాడు. ఆ పాత టేపు మురికిగా ఉన్నా నా బొటనవేలికి చోటు తెలిసేది. ఆ కొత్తదాన్నే పట్టుకున్నాను. మంచికే చేశాడు కదా.

కూర్చున్నాం. అన్నయ్య మీట నొక్కాడు. రెండు స్వరాలూ పలికాయి. నేను కాస్త దించాను.

"బాగుందమ్మా" అన్నాడు.

నాకు అదోలా అనిపించింది. "ఎక్కించమనవా?" అని అడిగాను.

"ఎందుకు? నీ చెవి నీది. నీకు బాగుందనిపిస్తే బాగున్నట్టే."

వడపోత దగ్గరికొచ్చాం. ఇక్కడ కదా మేం జుట్లు పట్టుకునేది. నేను నా అలవాటు ప్రకారం బరువుగా పెట్టాను. తను మీట నొక్కి, విని, తలూపాడు. విన్నప్పుడు కనుబొమ్మ ఒక్కసారి ముడిపడింది, నేను చూశాను. వెంటనే విప్పేశాడు. పూర్వమైతే ఈపాటికి స్క్రూడ్రైవర్ తన చేతిలో ఉండేది. నేను దాన్ని తన వైపు జరిపాను. ఏదో వేడి వస్తువు జరిపినట్టు మళ్లీ నా వైపే జరిపాడు.

"అన్నయ్యా, నీకు నచ్చకపోతే చెప్పు."

"నచ్చకపోవడమేంటమ్మా. నువ్వు రావడమే ఎక్కువ."

అమ్మా, అమ్మా. పొద్దున్నుంచి ఆ పిలుపే. మా దుకాణంలో నేను తాతగార్లతో మాట్లాడే గొంతు అది.

నేను ఏం చేశానో చెబుతాను. ఆ స్క్రూ పట్టుకుని చివరిదాకా తిప్పేశాను. అది తగ్గించడం కాదు, పెంచడం కాదు, శుద్ధ అడ్డదిడ్డం. మీట నొక్కితే తడిసిన దుప్పటి కింద రేకుడబ్బా కొట్టినట్టు చప్పుడొచ్చింది. చెవి మిషన్ తీసేసిన తాతగారైనా మొహం చిట్లిస్తారు దానికి. నేను అన్నయ్య వైపు చూశాను. ఇప్పుడంటాడు, నీ చెవిలో సీసం పోసుకున్నావా కాకీ అని. ఇప్పుడు లాక్కుంటాడు. వెనక గదిలో వదిన అట్టపెట్టెకి టేపు అంటిస్తున్న చప్పుడు ఆగిపోయింది. ఆమె చెవులు కూడా ఇటే ఉన్నాయి.

అన్నయ్య మీట మీద వేలుంచి ఆ చప్పుడు విన్నాడు. కిటికీ వైపు చూశాడు.

"ఇది కూడా బాగుందమ్మా" అన్నాడు.

స్క్రూని వెనక్కి తెచ్చి మొదట ఎక్కడుందో అక్కడ పెట్టాను. నాకు ఒక్కదానికే నచ్చే చోట. మీట నేనే నొక్కాను. శుభ్రంగా, నిగనిగలాడుతూ పలికింది, బరువు వైపు నిగనిగ, అంతే తేడా. కంపెనీ వాళ్లు నానబెట్టి, కరిగించి, కొలిచి, ఇంత కష్టపడి తీసుకెళ్లలేకపోయినదాన్ని మా అన్నయ్య ఆ రోజు కిటికీలోంచి చూస్తూ ఒక్క మాటతో పోగొట్టేశాడు. దాన్ని తిరిగి తెచ్చుకునే దారి నాకు తెలీడం లేదు. తనకి అసలు పోయిందని కూడా తెలీదు. తన పాపం కడుక్కుంటున్నాననుకుంటున్నాడు.

"ముద్ద పోసేయమంటావా?" అని అడిగాను. తగలెయ్ అంటాడేమోనని, ఆ ఒక్క మాటైనా అంటాడేమోనని ఆగాను.

"నీ ఇష్టం అమ్మా" అన్నాడు.

జిగురు కలిపాను. పలక మీద దిష్టిచుక్క కనపడుతోంది. దాని మీద నుంచి మొదలుపెట్టి, మెల్లగా, అంచులదాకా పోసేశాను.